ప్రాత బండి, అసలు రూపము: బాగుచేయువారి ధర్మము

ప్రాత వస్తువును బాగుచేయుట యనగా నేమి? దాని పూర్వరూపమును దానికి మరల నిచ్చుటయా? లేక నేటి యవసరములకు దానిని సరిపరచుటయా? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని గుడి గోపురము మొదలుకొని తాతగారి గడియారము వరకు ఏ ప్రాత వస్తువును చేతికెత్తుకొన్నను, బాగుచేయువాడు ఈ ప్రశ్నకు బదులు చెప్పక తప్పదు. వాడు నోట చెప్పకపోయినను వాని సుత్తియు ఆకురాయియు చెప్పును. ఈ సంచికలో మేము ఒక జర్మను మోటారుకారును ఉదాహరణముగా గైకొని, ఈ విషయమున మాకు తోచిన యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను, ఉపాధ్యాయుల యెదుటను ఉంచదలచితిమి.

“మదనపల్లెలో టమాటా లారీలును, పుంగనూరులో పాలవ్యానులును, కుప్పములో రాతిదిమ్మెలు మోయు లారీలును తిరుగుచుండగా జర్మను కారు ప్రసంగము మనకేల?” యని కొందరు నవ్వవచ్చును. నవ్వదగినదే. అట్టి కారు మన వీధులలో ఏడాదికొకమారు కనబడినను వింతయే. ఐనను ప్రాత యంత్రమును బాగుచేయుటలో వచ్చు చిక్కులన్నియు ఆ కారునందు ఒక్కచోట చేరియున్నవి. పెద్ద లెక్కను చేయనేర్చినవానికి చిన్న లెక్క భారము కాదు. అంతియేగాక, నేడు మన షెడ్లలో రెంచి పట్టుచున్న బాలుడు రేపు బెంగుళూరునకో చెన్నైకో పోయి అట్టి కారు క్రింద వెల్లకిల పండుకొని పనిచేయవచ్చును. కుప్పమువారికి రెండు నగరములును రైలుదారిమీదనే యున్నవి. ఆనాడు వానికి చేతిపనితోపాటు పనినీతియు కావలసియుండును. ఆ నీతియే మా వ్యాసవిషయము.

మేము చెప్పదలచిన కారు, మ్యూనికు నగరమందలి బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు 1968 మొదలు 1975 వరకు నిర్మింపించిన రెండు తలుపుల కారు. ఇట్టి కారును కూపే యందురు. కంపెనీవారి లెక్కలలో దీనికి ఇ-9 అని పేరు. మొదట 2800 సి.ఎస్. అనియు, 1971 నుండి 3.0 సి.ఎస్., 3.0 సి.ఎస్.ఐ. అనియు దీనిని పిలిచిరి. ఇంజనులో ఆరు సిలిండరులు ఒకే వరుసలో నుండును. పక్క అద్దములన్నియు దించినచో ముందు సీటునకును వెనుక సీటునకును నడుమ స్తంభమేమియు నుండదు. ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు చూపు తిన్నగా పోవును. దీని బాడీని బి.ఎం.డబ్ల్యు.వారు తాము చేయక కార్మన్ అను బాడీ నిర్మాతలచేత చేయించిరి. అన్ని రకములును కలిపి సుమారు 30,000 కార్లు మాత్రమే తయారైనవి. కార్మన్ కంపెనీ 2009లో దివాలా తీసెను. కావున ఈ కారు పోయినచో దానివంటి కారును మరల చేయువారు లేరు.

ఈ కారును బాగుచేయువారిలో రెండు పక్షములవారు కలరు. మొదటి పక్షమువారు, “కారు ఫ్యాక్టరీనుండి వెలువడిననాడు ఎట్లుండెనో నేడును అట్లే యుండవలెను. రంగు అదియే, సీటుగుడ్డ అదియే, బోల్టు తలపై గుర్తు సైతము అదియే” యందురు. రెండవ పక్షమువారు, “కారు నడచుటకే గాని చూచుటకు కాదు. నడవని కారు శవము. మంచి బ్రేకులు వేయుదుము, ఐదు గేర్ల గేరుబాక్సు పెట్టుదుము, చల్లని గాలి వచ్చు ఏర్పాటు చేయుదుము. మా సొత్తు మా యిష్టము” అందురు. ఇరువురికిని ఆ కారుపై ప్రేమయున్నది, సందేహము లేదు. ఒకరిది జ్ఞాపకమును కాపాడు ప్రేమ, ఒకరిది ప్రాణమును నిలుపు ప్రేమ. ఐతే ప్రేమయున్నంత మాత్రమున న్యాయము కుదురునా?

మొదట అసలు రూపమును గూర్చి విచారింతము. అసలు రూపమనునది మనము తలచునంత సులభముగా దొరకునది కాదు. 2800 సి.ఎస్. కారునకు వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులుండెను. 1971లో 3.0 సి.ఎస్. వచ్చినపుడు కంపెనీవారే నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు పెట్టిరి. కార్బ్యురేటరున్నచోట, సి.ఎస్.ఐ. రకమునందు, బాష్ కంపెనీవారి విద్యుత్ ఇంజెక్షనును అమర్చిరి. పందెములకొరకు సి.ఎస్.ఎల్. అను తేలిక రకమును చేసి, తలుపులను, బానెట్టును, డిక్కీమూతను అల్యూమినియముతో చేయించి, దాదాపు 200 కిలోల బరువు తగ్గించిరి. ఎల్. అను నక్షరమునకు జర్మను భాషలో తేలిక యని యర్థమిచ్చు మాట మూలము. ఇట్లు చేసినవాడే ఏడేండ్లలో తన పనిని పలుమార్లు దిద్దుకొనెను. మరి అసలు ఏది?

ఇంకొక వింతను వినుడు. 1973లో సి.ఎస్.ఎల్. కారునకు వెనుక పెద్ద రెక్క యొకటి సిద్ధము చేసిరి. వేగమున కారు వెనుకభాగము పైకి లేవకుండ అది గాలితో అదిమిపెట్టును. కాని జర్మనీ రహదారులమీద అట్టి రెక్కకు అనుమతి లేదు. అందుచే కంపెనీవారు రెక్కను బిగింపక డిక్కీలోనుంచి కారును అమ్మిరి! కొన్నవాడు తన యింటివద్ద బిగించుకొనెను. అట్టి కారును నేడు బాగుచేయువాడు రెక్కను బిగించినచో అది అసలా, మార్పా? డిక్కీలో నుంచినచో అది అసలా, అసంపూర్ణమా? ఆ యేడాదియే ఆ రకపు కారు ఐరోపా టూరింగు కార్ల పందెమున విజయమును పొందెను. కావున రెక్క లేని చిత్తరువు మనకు పరిచయమే కాదు.

1975లో అమెరికా శిల్పియైన అలెగ్జాండరు కాల్డరు ఇట్టి సి.ఎస్.ఎల్. కారునకే ఎరుపు, పసుపు, నీలి రంగులతో తన చిత్రకల్పనను పూసెను. ఆ కారు ఫ్రాన్సు దేశమున లె మాన్ లో జరుగు ఇరువదినాలుగు గంటల పందెమున పరుగెత్తెను. నేడు దానిని అపురూపమైన కళాఖండముగా భద్రపరచుచున్నారు. “ఫ్యాక్టరీ రంగే అసలు రంగు, కాల్డరు రంగును గీకివేయుడు” అని యెవ్వడైన అన్నచో వానిని పిచ్చివాడందుము. కావున కాలక్రమమున వచ్చిన మార్పు సైతము చరిత్రయై, అసలునకు అసలగుట కలదు. మొదటి పక్షమువారు ఈ సంగతిని మరువకూడదు.

ఇక తుప్పు సంగతి. ఈ కారు అందమునకెంత ప్రసిద్ధమో తుప్పునకును అంత ప్రసిద్ధము. ఆ కాలమున ఇనుపరేకునకు తుప్పుపట్టకుండ చేయు రక్షణ చాలలేదు. నీరు నిలుచుచోట్ల, తలుపు క్రింది పట్టీలలో, ముందు మడ్గార్డుల వెనుక, నేలరేకులో, లోలోపలనే తుప్పు తినివేయును. పైకి రంగు మెరయుచుండును. వ్రేలితో నొక్కినచో గుంట పడును. ఇట్టి కారును కత్తిరింపక బాగుచేయుట యసాధ్యము. చెడిన రేకును కోసి క్రొత్తరేకును అతుకవలసినదే. సగము రేకు మారిన పిదప అది ఆ కారేనా యని తర్కించువారు కలరు. గ్రీకు దేశమున థీసియసు ఓడను గూర్చి ఇట్టి ప్రశ్ననే ప్రాచీనులు వేసిరి. ఒక్కొక్క పలకయే మార్చగా మార్చగా పాతపలక యొక్కటియు లేకపోయినచో అది ఆ యోడయేనా? మన యింటి గడ్డపారకు కామ మారినను, తరువాత మొన మారినను, “తాతగారి గడ్డపార” యని పిలుచుట మానలేదు గదా!

మా సమాధాన మిది. అసలు అనునది వట్టి ఇనుములో లేదు. దాని రూపులోను, దానిని చేసిన పద్ధతిలోను, దాని వెంట వచ్చిన చరిత్రలోను కలదు. చెడిన రేకును కోసి అదే మందముగల రేకును అదే వంపున అతికినవాడు అసలును కాపాడినవాడు. తుప్పుమీదనే లప్పము మెత్తి, ఆకురాయితో నున్నచేసి, రంగు కొట్టి పంపినవాడు, ఒక్క అసలు రేకును తీయకపోయినను, అసలును చంపినవాడు. లప్పము క్రింద తుప్పు నిద్రపోదు. రెండు వర్షాకాలములలో అది లేచి కూర్చుండును.

ఇక మార్పు సంగతి. మార్పులన్నియు ఒక్కటి కావు. వెనుకకు మరల్చదగిన మార్పు యొకటి, మరల్చరాని మార్పు యొకటి. ఈ భేదమును తెలిసికొనుటకు మనము జర్మనీకి పోనక్కరలేదు. కుప్పము ప్రాంతపు రాతిపనివారిని అడిగినను చాలును. ఉలి దెబ్బ పడకమునుపు ఎన్ని గీతలు గీచినను చెరిపివేయవచ్చును. దెబ్బపడి పెళ్ళ ఊడిన పిదప దానిని మరల అతికించు నేర్పరి లేడు. అందుచే మంచి శిల్పి గీతవద్ద ఆలసించును గాని దెబ్బవద్ద తొందరపడడు.

పుంగనూరు ఆవును చూడుడు. మూడడుగుల యెత్తునకు మించని ఆ చిన్న ఆవు చిక్కని పాలకు పేరుపొందినది. ఎండకు, కొద్దిపాటి మేతకు ఓర్చుకొనునది. పాలు ఎక్కువ కావలెనని పరజాతులతో సంకరము చేయగా చేయగా శుద్ధమైన జాతి తరిగిపోయెను. సంకరము చేసినవారు చెడ్డవారు కారు. ఇంట పాలు పెరుగవలెనని కోరిరి. కాని నెత్తురులో కలసినదానిని వేరుచేయుట యెవరి తరము? శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారు పలమనేరు పరిశోధనా క్షేత్రమున మిగిలిన జాతిని పోషించుచున్నారు గనుక నేడు ఆ బీజము నిలిచియున్నది. సంకరపు ఆవు ఉండవచ్చును. కాని ఎక్కడనో ఒకచోట మూలబీజమును కాపాడియుంచవలెను. కారునకును ఇదియే న్యాయము. గేరుబాక్సును మార్చవచ్చును, కాని ప్రాత గేరుబాక్సును పాతసామానువానికి తూకమున కమ్మరాదు. నూనె పూసి, గుడ్డచుట్టి, చీటి కట్టి, పెట్టెలో భద్రపరచవలెను. క్రొత్త గేరుబాక్సును పెట్టుటకు ఛాసిస్‌ను కోయవలసివచ్చినచో, అచ్చట చేయి ఆపి మరల ఆలోచింపవలెను.

అట్లయిన ఎట్టి మార్పు తగును? ప్రాణరక్షణకు సంబంధించిన మార్పు తగునని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. మదనపల్లెనుండి హార్సిలీకొండకు పోయి దిగివచ్చు దారిని తలచుకొనుడు. 1,200 మీటర్లకు పైబడిన యెత్తునుండి మలుపులమీద మలుపులు దిగవలెను. పలుమార్లు నొక్కగా నొక్కగా డ్రమ్ము బ్రేకు కాగును. కాగిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగునకు దూరమగును. లైనింగునకు పట్టు తగ్గును. తుదకు పెడలు నేలనంటినను బండి ఆగదు. డిస్కు గాలికి బయటనే యుండుటచే వేడి త్వరగా పోవును. 2800 సి.ఎస్. వెనుక చక్రములకు, కంపెనీవారే 1971లో వాడిన డిస్కులను, కోతలేమియు లేకుండ, చట్టమడిగిన యనుమతిని పొంది, అమర్చినచో అది అపచారము కాదు. చేసినవాడే చూపిన దారి యది. సీటుబెల్టులు లేనిచోట పెట్టుటయు నిట్టిదే. అసలు రూపముకొరకు బిడ్డల ప్రాణమును పణముగా పెట్టుట భక్తి కాదు, మూర్ఖత.

కాలము తెచ్చు అవసరములును కలవు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు విధానము అమలులోనికి వచ్చెను. 1970 ప్రాంతపు రబ్బరు గొట్టములు దానికొరకు చేసినవి కావు. అవి ఉబ్బి, పగిలి, పెట్రోలును కార్చవచ్చును. కాగిన ఇంజనుమీద పెట్రోలు కారినచో ఏమగునో చెప్పనక్కరలేదు. కావున ఇథనాలునకు ఓర్చు గొట్టములను వేయుట విధి. అవి పైకి ప్రాతవానివలెనే యుండును. అసలు రూపునకు భంగము లేదు. కాలము మారినపుడు లోపలిది మార్చి వెలుపలిది నిలుపుట వివేకము.

కాని అవసరమను పేరు పెట్టుకొని వచ్చు మార్పులలో పెక్కు అజ్ఞానమునుండి పుట్టినవే. సి.ఎస్.ఐ. కారులోని బాష్ ఇంజెక్షనునే తీసికొందము. దానికి చిన్న విద్యుత్ మెదడు కలదు; గాలి ఒత్తిడిని కొలిచి ఎంత పెట్రోలు చిమ్మవలెనో అది నిర్ణయించును. అది చెడినపుడు పరీక్షించుటకు కొలతలు తెలియవలెను, తీగల పటము చదువవలెను, ఓపిక పట్టవలెను. ఇవి లేనివాడు, “ఇది పనికిరాని పరికరము” అని తీసి పారవేసి, తనకు తెలిసిన కార్బ్యురేటరును బిగించును. బండి కదలును, యజమాని సంతోషించును. కాని జరిగినదేమి? తెలియనిదానిని నేర్చుకొనుటకు మారుగా తెలియనిదానిని లేకుండ చేసెను. కఠినపద్యము అర్థము కాలేదని పుస్తకమునుండి ఆ పుటను చింపిన విద్యార్థికిని వీనికిని భేదమేమి? మార్పు చేయబోవుమునుపు ప్రతి పనివాడును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యిది: “ఈ మార్పు బండికి కావలెనా, నా తెలియమికి కావలెనా?”

ఇంజనునే పూర్తిగా తీసివేసి బ్యాటరీలను, విద్యుత్ మోటారును పెట్టువారు నేడు కొన్ని దేశములలో బయలుదేరిరి. పొగ లేదు, చప్పుడు లేదు, మంచిదే. కాని ఆరు సిలిండరుల ఇంజను ఆ కారునకు కంఠమువంటిది. ఇంజను మరమ్మతునకు లొంగక, భాగములు దొరకక, కారు మూలబడియుండినచో, కోత లేకుండ ఆ పనిచేసి, పాత ఇంజనును భద్రపరచినచో మేము ఓర్చుకొందుము. పాడుకాని ఇంజనును వేడుకకొరకు పెకలించుటను మాత్రము ఒప్పుకొనజాలము.

ఇప్పుడు మా వ్యాసమునకు ఆయువుపట్టైన మాటకు వచ్చితిమి. అసలు పక్షమునకును మార్పు పక్షమునకును సమానముగా శత్రువొకడు కలడు. వాని పేరు కపటము. తేలిక రకమైన సి.ఎస్.ఎల్. కారునకు వెల యెక్కువ. అందుచే మామూలు సి.ఎస్. కారునకు రెక్క తగిలించి, గీతలు పూసి, పేరుపలక మార్చి, సి.ఎస్.ఎల్. అని అమ్ము మోసగాండ్రు ప్రపంచమున లేకపోలేదు. ఆ కారునందలి పని యెంత చక్కనిదైనను అది అబద్ధము. అదే పనిని చేసి, “ఇది సి.ఎస్. కారు, మేము దీనికి సి.ఎస్.ఎల్. వేషము వేసితిమి” అని చెప్పినచో అది వినోదము. ఇనుములో భేదము లేదు, మాటలో కలదు. మార్పు పాపము కాదు. మార్పును దాచుట పాపము.

మదనపల్లెవారికి ఇందులకొక గొప్ప నిదర్శనము ఇంటనే కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చటి థియసాఫికల్ కళాశాలలో బసచేసినపుడు తన జనగణమన గీతమును తానే ఆంగ్లములోనికి తెచ్చెను. కళాశాలాధ్యక్షుని భార్యయైన మార్గరెట్ కజిన్సు ఆ పాటకు స్వరములను వ్రాసి నిలిపెను. భాష మారెను. ఐనను అసలు బంగాళీ గీతమునకు రవంతయు నష్టము కలుగలేదు; అది తన చోట తానుండెను. అనువాదము ఎవరిదో, ఎక్కడిదో, ఎప్పటిదో లోకమునకు తెలియును. మార్పు ఇట్లుండవలెను: మూలమును చెరపక, కర్త పేరుతో, తేదీతో. కారును బాగుచేయువాడును తాను చేసిన ప్రతి పనిని పుస్తకమున వ్రాసి, ఫొటో తీసి, తేదీ వేసి, కారుతోపాటు ఆ పుస్తకమును యజమానికి ఇయ్యవలెను.

ఇది మా సొంత కల్పన కాదు. ప్రాచీన కట్టడములను గూర్చి 1964లో వెనీసు నగరమున పండితులు చేసిన శాసనపత్రము, ఊహ మొదలగుచోట పునరుద్ధరణము ఆగవలెనని బోధించినది. మోటారు వాహనములకొరకు అట్టి పత్రమునే అంతర్జాతీయ ప్రాచీన వాహన సమాఖ్యయైన ఫీవావారు ఇటలీ దేశపు టూరిన్ నగరము పేర 2013లో ప్రకటించిరి. వాడుకకొరకు తప్పనిసరియైన మార్పులు కంటికి ఎబ్బెట్టుగా నుండరాదనియు, మరల్చదగినవై యుండవలెననియు, చేసినదంతయు వ్రాసియుంచవలెననియు దాని సారాంశము.

మన దేశపు చట్టమును ఈ విషయమున నిద్రపోవుట లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును వ్యాఖ్యానించుచు సుప్రీంకోర్టువారు 2019 జనవరిలో, తయారీదారులు నిర్ణయించిన మూలలక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని తీర్పు చెప్పిరి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ప్రాచీన వాహనములకు ప్రత్యేక నియమములను ప్రకటించిరి. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపమున నిలిచి, ఛాసిస్, బాడీ, ఇంజనులందు గణనీయమైన మార్పు లేని వాహనమునకు “వి.ఎ.” అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు లభించును. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 ఏండ్లు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు నడుపవచ్చును గాని నిత్యము బజారునకు త్రిప్పరాదు. మేము చెప్పిన కారు నిర్మాణము 1975లో నిలిచిపోయినది గనుక ఆ కార్లు ఈ ఏబదేండ్ల గడపయొద్దకు చేరినవే. నేడు షెడ్డులో చేయు ఒక్క తొందరపాటు కోత, రేపు ఆ బండికి రాదగిన గౌరవమునకు అడ్డుపడవచ్చును.

ఐతే ఈ నీతి అన్ని బండ్లకును ఒకే తీరున వర్తింపదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నిజాము ప్రభువుల 1912 నాటి రోల్స్ రాయిస్ కారు కలదు. సింహాసనమువంటి ఆసనము గలది. అది చూచుటకే గాని వీధిలో నడుపుటకు గాదు. దానికి క్రొత్త బ్రేకులు పెట్టుదమనుట హాస్యాస్పదము. మరియొక కొసను మన అంబాసిడరు కారును చూడుడు. 2014 వరకు తయారైన ఆ కారును పెండ్లికిని, ఆస్పత్రికిని, అద్దెకును త్రిప్పి కుటుంబములు బ్రతికినవి. దానికి కంపెనీవారే 1990 దశకమున జపానువారి ఇసుజు ఇంజనును పెట్టిరి. అద్దెబండి త్రోలి బిడ్డలను చదివించుకొనువానిని పట్టుకొని, “బోల్టు తలపై గుర్తు మారినది” యని నిందించుట అన్యాయము. పని బండికి పనియే ధర్మము. ప్రదర్శనమందలి బండికి సాక్ష్యమే ధర్మము. జర్మను కూపే ఈ రెంటికిని నడుమ నున్నది. అందువలననే దానియందు వివేకము అధికముగా కావలసివచ్చుచున్నది. బీదవాడు గతిలేక చేసిన మార్పు క్షమింపదగినది. ధనవంతుడు వేడుకకు చేసి దాచిన మార్పు క్షమింపరానిది.

“ఇన్ని జాగ్రత్తలు పాటించినచో ఖర్చెంతయగును? కాలమెంత పట్టును?” అని యడుగువారు కలరు. ఖర్చు అగుట నిజమే. కాని మేము చెప్పినవానిలో ముఖ్యమైనవి ధనముతో కొనునవి కావు. విప్పిన బోల్టును చీటి వ్రాసిన సంచిలో వేయుటకు ఎంత ఖర్చు? విప్పకముందు ఫొటో తీయుటకు నేడు ప్రతివారి జేబులోను సాధనమున్నది. పాతభాగమును పారవేయకుండుటకు ఒక పెట్టెయు, ఒక మూలయు చాలును. నిజము చెప్పుటకు దమ్మిడీ పనిలేదు. ఖరీదైనది ఓపిక యొక్కటే. అది బజారులో దొరకదు; బాల్యముననే అలవరచుకొనవలెను.

తల్లిదండ్రులకు మా విన్నపము. బిడ్డ యంత్రములయందు ఆసక్తి చూపినపుడు, “మెకానిక్కువగుదువా?” యని చిన్నబుచ్చకుడు. ప్రాతకార్లను యథాతథముగా నిలుపు పని నేడు ప్రపంచమున గౌరవము పొందుచున్న విద్య. దానికి లోహశాస్త్రము కావలెను, విద్యుత్తు తెలియవలెను, చరిత్ర చదువవలెను, జర్మను, ఆంగ్ల గ్రంథములను విప్పి చూడవలెను. తుప్పు ఏల పట్టునో రసాయనశాస్త్ర తరగతిలో నేర్చినవాడే లప్పమునకు లొంగడు. పాఠశాలకును షెడ్డునకును నడుమ గోడ కట్టినవారము మనమే. దానిని మనమే తీయవలెను.

విద్యార్థులారా, మీ చేతికి జర్మను కూపే రాకపోవచ్చును. తాతగారి సైకిలు వచ్చును, అమ్మగారి కుట్టుమిషను వచ్చును, మూలబడిన రేడియో వచ్చును. దానిని విప్పకముందు చూడుడు, చూచినది వ్రాయుడు, తీసినది దాచుడు, అవసరమున్నచోట మాత్రము మార్చుడు, మార్చినదానిని మరల్చుటకు వీలుంచుడు, చేసినది ఎవ్వరడిగినను ఉన్నదున్నట్లు చెప్పుడు. వస్తువునకు మనము యజమానులమని తలచుట పొరపాటు. మనకు ముందొకడు దానిని చేసెను, మన తరువాత నొకడు దానిని పట్టుకొనును. నడుమ నున్న కొలదికాలము మనము ధర్మకర్తలము. మన చేయి దాటునపుడు అది మాట్లాడగలిగినచో, “వీరు నన్ను బాగుచేసిరి, నన్ను గూర్చి అబద్ధమాడలేదు” అని చెప్పవలెను. బాగుచేయువారికి ఇంతకన్న వేరు యోగ్యతాపత్రమక్కరలేదు.